వంశంలో లివర్ క్యాన్సర్ ఉంటే ముందు చేయించాల్సింది జీన్ టెస్టేనా?

మీ నాన్నగారూ పెదనాన్నగారూ ఇద్దరూ లివర్ క్యాన్సర్‌తోనే పోయారనీ, పెదనాన్నగారి గడ్డ రిపోర్టులో 'టీపీ53 మ్యుటేషన్' (టీపీ53 అనే జీన్‌లో మార్పు) అని రాసి ఉందనీ, అది మీకూ పిల్లలకీ వస్తుందేమో, ఆన్‌లైన్‌లో అమ్మే జీన్ టెస్టు చేయించుకోవాలా అనీ అడిగారు. నేను డాక్టర్ని కాదు. ఇదే ప్రశ్న పట్టుకుని వైజాగ్‌లో మూడేళ్లు తిరిగినవాణ్ణి. జీన్ టెస్టు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ వారమే హెచ్‌బీఎస్ఏజీ అనే రక్తపరీక్ష చేయించుకోండి. అది హెపటైటిస్ బి కోసం. హెపటైటిస్ సి పరీక్ష కూడా దాంతోపాటే రాయించుకోండి. ఎందుకంటున్నానో చెప్తాను.

మా నాన్న పోర్టులో టాలీ క్లర్కు. 2016లో, 59వ ఏట పోయారు. మందు వాసన కూడా పడేది కాదాయనకి. అయినా పదకొండో రోజు భోజనాల దగ్గర, కంచరపాలెంలో మా ఇంటి ముందు షామియానా కింద, నా వెనక వరసలో ఒకాయన పక్కాయనతో అన్నమాట నాకింకా వినిపిస్తూనే ఉంటుంది: "తాక్కుండా లివరెలా పోద్దిరా? గుట్టుగా లాగించీవోడేమో." 2019లో చిన్నాన్నకీ అదే జబ్బు. చిన్నాన్న నిజంగానే తాగేవాడు కాబట్టి ఆయన విషయంలో ఇంకెవరూ ఏమీ ఆలోచించలేదు. ఇద్దరన్నదమ్ములూ అలా అయ్యాక ఇంట్లో అందరి నోటా ఒకటే మాట, "మీ నాన్నోళ్ల రక్తంలోనే ఉందది" అని.

రక్తంలో ఉన్నమాట నిజమే. వాళ్లనుకున్నట్టు మాత్రం కాదు.

చిన్నాన్నని తీసుకుని అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రి దాకా తిరుగుతున్న రోజుల్లో ఒక డాక్టరుగారు "ఈయన తోబుట్టువులందరికీ హెపటైటిస్ బి చూపించారా?" అని అడిగారు. ఎవరం చూపించలేదు. ఆ రాత్రి అమ్మ బీరువాలోంచి నాన్న కాగితాల కవరు తీసింది. ఎల్ఐసీ బాండ్లకీ పీఎఫ్ చీటీలకీ మధ్యలో పోస్టుకార్డంత చీటీ ఒకటి, మడత దగ్గర చిరిగిపోయి. 1998లో ఏదో రక్తదాన శిబిరంలో నాన్న రక్తమిస్తే, వాళ్లు పరీక్ష చేసి "ఆస్ట్రేలియా యాంటిజెన్ పాజిటివ్, వచ్చి కలవగలరు" అని పంపింది. నాన్న కలవలేదు. పారెయ్యనూ లేదు. పద్దెనిమిదేళ్లు బాండ్ల మధ్య దాచుకున్నారు. భయపడి దాచారో, ఏముందిలే అని వదిలేశారో ఇప్పుడెవరు చెప్తారు?

ఆస్ట్రేలియా యాంటిజెన్ అంటే హెపటైటిస్ బి వైరస్ పైపొర ప్రోటీనే. హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష వెతికేదీ దీన్నే. ఈ వైరస్ ఏళ్ల తరబడి లివర్‌లో ఉండిపోతే, మందు ముట్టనివాళ్లకీ క్యాన్సర్ రావచ్చు. 1960లలో బరూచ్ బ్లంబర్గ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దాన్ని ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో మొదట చూశారు కాబట్టి ఆ పాత పేరు. ఆయనకి 1976లో నోబెల్ వచ్చింది. ఏటా జులై 28న జరిపే హెపటైటిస్ దినం ఆయన పుట్టినరోజే.

తర్వాత అందరం వరసగా చేయించుకున్నాం. మేనత్త పాజిటివ్. ఆవిడ పెద్దకొడుకు, అంటే మా పెద్ద బావ, పాజిటివ్. నేనూ చెల్లీ నెగిటివ్. నానమ్మ నుంచి కాన్పుల్లో పిల్లలకి వచ్చి ఉంటుందని, అత్త నుంచి బావకీ అలాగే వచ్చి ఉంటుందని డాక్టరుగారి అంచనా. పుట్టుకతో సోకితే నూటికి 90 మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది, పెద్దయ్యాక సోకితే అయిదుగురిలో కూడా ఉండదు. తల్లి నుంచి బిడ్డకి, ఆ బిడ్డ నుంచి ఆమె బిడ్డకి పోతుంటే పైకి చూసేవాళ్లకి అచ్చం వంశపారంపర్యంలాగే ఉంటుంది. జీన్లతో దానికి సంబంధం లేదు. పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకి టీకా వేస్తే చాలావరకు అక్కడే తెగిపోతుంది.

మా అత్త సంగతి చెప్పకుండా ఉండలేను. రిజల్టు వచ్చిన వారానికి ఆవిడ కోడలు అత్త స్టీలు గ్లాసుకి నెయిల్ పాలిష్‌తో ఎర్ర చుక్క పెట్టింది, కలిసిపోకుండా. ఈ వైరస్ రక్తం ద్వారా, శృంగారం ద్వారా, కాన్పులో సోకుతుంది గానీ గ్లాసులూ కంచాల వల్ల రాదు. వేరుగా పెట్టాల్సింది గ్లాసు కాదు, బావ షేవింగ్ బ్లేడు. ఆ పిల్లకీ టీకా మూడు డోసులు వేయించాక గానీ ఆ చుక్క చెరగలేదు. అత్తకి ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా మాత్రలు ఇస్తున్నారు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద ఇవి ఇస్తారు. ఆర్నెల్లకోసారి అల్ట్రాసౌండు, లివర్ క్యాన్సర్ జాడ చూసే ఏఎఫ్‌పీ రక్తపరీక్ష. ఇంట్లో ఇప్పటికే ఇద్దరు పోయారు కాబట్టి ఆ ఆర్నెల్లు దాటనివ్వద్దని గట్టిగా చెప్పారు.

ఇక జీన్ల సంగతి. నాకు హెపటైటిస్ లేదని ఊపిరి పీల్చుకునేలోపే స్కానింగులో ఫ్యాటీ లివర్, అంటే లివర్‌లో కొవ్వు పేరుకోవడం, గ్రేడ్ 2 అన్నారు. మందు లేదు, చూడ్డానికి మరీ లావూ కాదు, పొట్ట మాత్రం ఉంది. భయంకొద్దీ ఆరేడు వేలు పోసి జీన్ టెస్టు చేయించాను. పీఎన్‌పీఎల్‌ఏ3 అనే జీన్‌లో మారిన రూపం రెండు కాపీలూ ఉన్నాయని వచ్చింది. 2008లో అమెరికాలోని డల్లాస్ ప్రజల మీద చేసిన అధ్యయనంలో బయటపడిన తేడా ఇది. కాలేయ కణాల్లో కొవ్వు చిన్న చిన్న బొట్లుగా ఉంటుంది. ఆ బొట్ల మీద ఉండే ప్రోటీన్ ఇది. దీన్లో 148వ చోట ఒక అమైనో ఆమ్లం మారితే అది తన పని చెయ్యదు సరికదా, అక్కణ్ణుంచి కదలదు కూడా. పాత ప్రోటీన్లని తీసి పారేసే కణం దీన్ని తియ్యలేకపోతుంది, అది పేరుకుని మిగతావాటికీ అడ్డుపడుతుంది. ఆర్కే బీచ్‌లో కూర్చుంటే దూరంగా లంగరేసి ఆగిన ఓడలు కనిపిస్తాయి చూడండి. లోపల ఓ ఓడ బెర్తు ఖాళీ చెయ్యకపోతే బయట వాటి గతి అంతే. కొవ్వూ అలాగే ఆగిపోతుంది. ఆగిన కొవ్వు వాపు తెస్తుంది, వాపు మచ్చలు తెస్తుంది, మచ్చలు ముదిరితే సిర్రోసిస్, అక్కణ్ణుంచి కొందరిలో క్యాన్సర్.

ఒక కాపీ ఉంటే ముప్పు కొంత పెరుగుతుంది, రెండుంటే ఇంకా ఎక్కువ. కానీ రెండు కాపీలున్నవాళ్లలో కూడా ఎక్కువమందికి లివర్ క్యాన్సర్ రానే రాదు. ఒంట్లో కొవ్వూ మందూ పెరిగినకొద్దీ ఈ జీన్ ప్రభావం పెరుగుతుంది. అంటే నా చేతిలో ఉన్నది పొట్టే. 78 కిలోల నుంచి 71కి వచ్చాను, గ్రేడ్ తగ్గింది, ఫైబ్రోస్కాన్‌లో మచ్చలు లేవన్నారు. రిపోర్టు రాకపోయినా డాక్టరు చెప్పేది అదేనని తర్వాత అర్థమైంది. ఆరేడు వేలు పోతే పోయాయి, బిర్యానీ తగ్గించే పట్టుదల మాత్రం దాంతోనే వచ్చింది.

ఇంకోటి. రెండు కాపీలున్నాయంటే ఒకటి నాన్న నుంచి, ఒకటి అమ్మ నుంచి వచ్చినట్టే. ఇన్నేళ్లూ "మీ నాన్నోళ్ల రక్తం" అన్న మా అమ్మకి ఇది చెప్తే, "మా పుట్టింట్లో ఎవరికీ లివర్ జబ్బు లేదు, ఆ కంపెనీవోళ్లకేం తెలుసు" అంది. ఆవిడతో వాదించి గెలిచినవాళ్లు లేరు.

రిపోర్టులో టీఎం6ఎస్ఎఫ్2 అని ఇంకోటి ఉంది. దాన్లో తేడా ఉంటే కాలేయం కొవ్వుని రక్తంలోకి సరిగ్గా పంపదు, కొలెస్ట్రాల్ బాగానే కనిపిస్తూ లివర్‌లో కొవ్వు పేరుకుంటుంది. నాకు లేదు. హెచ్‌ఎస్‌డీ17బీ13 అనే జీన్ పాడైతే మాత్రం లివర్‌కి మేలేనని 2018లో తేలింది. ఆ అదృష్టమూ నాకు లేదు. హెచ్‌ఎఫ్‌ఈ అని ఇనుము పేరుకునే జబ్బుకీ పరీక్ష చేశారు. దాన్లో ముఖ్యమైన తేడా యూరప్ వాళ్లలోనే ఎక్కువ, మనవాళ్లలో చాలా అరుదు. మనకి అమ్మే ప్యాకేజీలో దాన్నెందుకు పెట్టారో మరి.

జీన్ టెస్టు నిజంగా అక్కరకొచ్చే చోటు వేరు. మీ ఇంట్లో చిన్న వయసులో, అంటే ఇరవైల్లోనో అంతకంటే ముందో, ఎవరికైనా లివర్ పాడైతే విల్సన్ జబ్బేమో అడగండి. ఏటీపీ7బీ జీన్ తల్లీ తండ్రీ ఇద్దరి వైపు నుంచీ చెడ్డదే వస్తే ఒంట్లో రాగి పేరుకుంటుంది. మేనరికాలున్న కుటుంబాల్లో ఇలా రెండూ కలిసే అవకాశం ఎక్కువ, మనకి మేనరికాలు కొత్తా? ఒకరిలో తేలితే తోబుట్టువుల్లో ప్రతి ఒక్కరికీ నాలుగో వంతు అవకాశం. ముందే తెలిస్తే మందుంది.

ఇక మీ పెదనాన్నగారి టీపీ53 విషయం. గడ్డ ముక్కలో కనిపించే ఆ మార్పు చాలావరకు ఆ గడ్డలోనే, ఆయన బతికుండగానే పుట్టింది. అది పిల్లలకి రాదు. పుట్టుకతో వచ్చే టీపీ53 మార్పూ ఉంది గానీ అరుదు, అలాంటి ఇళ్లలో చిన్నవయసు నుంచే రకరకాల క్యాన్సర్లు కనిపిస్తాయి. "ఇది గడ్డలో పుట్టిందా, పుట్టుకతో వచ్చిందా" అని డాక్టర్ని అడగండి. ఆ మార్పు 249వ చోట ఉంటే మాత్రం ఇంకో ప్రశ్న వేసుకోవాలి: బూజు పట్టిన వేరుశెనగ పలుకులు, మొక్కజొన్న తిన్న ఇల్లా అని. ఆ బూజులోని అఫ్లాటాక్సిన్ సరిగ్గా అక్కడే దెబ్బకొడుతుంది, హెపటైటిస్ బి తోడైతే ముప్పు ఎన్నో రెట్లు. మా ఇంట్లో బూజువి ఏరేసి మిగతావి వేయించి చట్నీ చేసేవాళ్లు. వేయిస్తే ఆ విషం పూర్తిగా పోదు. ఇప్పుడు సంచీ మొత్తం పారేస్తున్నాం, అమ్మ సణుగుతూనే.

మీ హెచ్‌బీఎస్ఏజీ నెగిటివ్ వస్తే టీకా వేయించుకుని, ఓసారి అల్ట్రాసౌండు తీయించండి. పాజిటివ్ వస్తే పిల్లలకీ వాళ్లమ్మకీ అదే రోజు పరీక్ష. ఈలోగా మీ నాన్నగారి పాత కాగితాలు తీసి చూడండి. ఎప్పుడైనా రక్తమిచ్చారా, ఆపరేషనేమైనా అయ్యిందా? ఆపరేషన్‌కి ముందు ఈ పరీక్ష చేస్తుంటారు. ఆ చీటీ ఎక్కడో ఒక చోట ఉండే ఉంటుంది.