కత్తి కేసులో ఫైన్ కట్టే ముందు మధ్యవర్తుల నివేదిక చదవండి

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. జీడిపిక్కల వ్యాపారి దగ్గర గోడౌన్ గుమాస్తాగా పని చేస్తున్నాను. బస్తా కుట్లు విప్పడానికి, కటింగ్ టెస్ట్‌కి (నాణ్యత చూడటానికి) పిక్కలు కోయడానికి మా అన్నయ్య ఆన్‌లైన్‌లో ఒక మడత చాకు కొనిపెట్టాడు. బొటనవేలితో తోస్తే తెరుచుకుంటుంది. బ్లేడు 9 సెంటీమీటర్లు ఉంటుంది. సిరిమానోత్సవం చూడటానికి విజయనగరం వెళ్తే తనిఖీలో అది నా బ్యాగులో దొరికింది. కాబోయే అత్తమామల ముందే నన్ను స్టేషన్‌కి తీసుకెళ్లారు. రెండు మూడు కాగితాల మీద సంతకం పెట్టమంటే చదవకుండానే పెట్టేశాను. అమ్మ ఆ రోజు నుంచి సరిగా తినడం లేదు. ఇప్పుడు ఫోన్ చేసి, ‘పెటీ కేసే, కోర్టుకొచ్చి తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టేయ్’ అంటున్నారు. నేను కానిస్టేబుల్ పరీక్షకి చదువుతున్నాను. చాకు బిల్లు నా దగ్గర లేదు. పాత తేదీతో తెలిసిన షాపులో రాయించుకోమని స్నేహితులు చెబుతున్నారు. ఆ చాకుతో దిగిన ఫొటో ‘ఎవడొచ్చినా రెడీ’ అని ఇన్‌స్టాలో పెట్టాను, తీసేయనా? పోలీసుల మీద పరువు నష్టం వేయొచ్చా? పనికి చాకు లేనిదే కుదరదు, ఇకమీదట ఎలాంటిది కొనాలి?

జవాబు: పరువు నష్టం సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. అత్తమామలు ఏమనుకున్నారు, ఎవరు ఏ మాట అన్నారు అన్నవి మీ కేసును తేల్చవు. మీ దగ్గర స్వాధీనం చేసుకున్న వస్తువును మధ్యవర్తుల నివేదికలో (సాక్షుల ముందు పోలీసులు రాసే పంచనామాలో) ఏమని రాశారన్నదే కేసును తేలుస్తుంది. అందులో ‘మడత చాకు, బ్లేడు 9 సెం.మీ., చేతితో తెరిచేది’ అని ఉంటే అది ఒక కేసు. ‘బటన్ నొక్కితే తెరుచుకునే కత్తి’ అని ఉంటే పూర్తిగా వేరే కేసు. మీరు చదవకుండా సంతకం పెట్టిన కాగితాల్లో బహుశా ఇదీ ఉంటుంది. పోలీసు ఉద్యోగానికి సిద్ధమవుతున్న మనిషి చదవకుండా సంతకం పెట్టడం ఏమిటి? పోలీసుల ముందు ఇచ్చే వాంగ్మూలం మీద సంతకం అక్కర్లేదని భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) సెక్షన్ 181 చెబుతోంది.

ముందుగా మీ మీద నమోదైన సెక్షన్ ఏదో తెలుసుకోండి. ఫోన్‌లో చెప్పిన ‘పెటీ కేసు’ అన్న మాటను నమ్మకండి. బీఎన్ఎస్ఎస్ 229 ప్రకారం జైలు శిక్ష లేకుండా 5,000 రూపాయలు మించని ఫైన్ మాత్రమే ఉన్న నేరమే పెటీ నేరం. మీ విషయంలో పెట్టడానికి వీలున్న రెండు సెక్షన్లలోనూ జైలు శిక్ష ఉంది.

మొదటిది ఆయుధాల చట్టం, 1959. అందులో సెక్షన్ 25(1బీ)(బీ) కింద కనీసం ఒక సంవత్సరం, గరిష్ఠంగా మూడేళ్ల జైలు, దానికి తోడు ఫైన్. ప్రత్యేక కారణాలు రాసి కనీస శిక్షను తగ్గించే అధికారం కోర్టుకి ఉంది గానీ, ఆ దయ దొరుకుతుందని నమ్ముకుని నేరం ఒప్పుకోకూడదు. రెండోది భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 223, అంటే ప్రభుత్వాధికారి ఉత్తర్వును ఉల్లంఘించడం. ఉత్సవాల రోజుల్లో బీఎన్ఎస్ఎస్ 163 కింద నిషేధ ఉత్తర్వు ఉంటే ఇది పెడతారు. మామూలుగా ఆరు నెలల వరకు జైలు లేదా 2,500 వరకు ఫైన్, లేదా రెండూ. మనుషుల ప్రాణాలకు ముప్పు వచ్చేలా ఉల్లంఘించారంటే ఏడాది వరకు జైలు లేదా 5,000 వరకు ఫైన్, లేదా రెండూ.

ఆయుధాల చట్టం కింద కేసు పెట్టారనుకుందాం. తుపాకులకు లైసెన్స్ కావాలని సెక్షన్ 3 చెబుతుంది. కత్తుల వంటి వాటికి సెక్షన్ 4 వర్తిస్తుంది, అదీ కేంద్రం ఫలానా ప్రాంతంలో ఫలానా రకం ఆయుధానికి లైసెన్స్ తప్పనిసరి అని నోటిఫికేషన్ ఇచ్చిన చోటే. ఆ నోటిఫికేషన్‌ను ఫైల్లో పెట్టి, అది విజయనగరానికి వర్తిస్తుందనీ, ఈ చాకు దాని కొలతల్లోకి వస్తుందనీ ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి. ఛార్జిషీట్‌లో ఆ కాగితం లేకపోతే డిశ్చార్జి (విచారణ మొదలవకముందే కేసు నుంచి విడుదల) కోసం గట్టిగా వాదించవచ్చు.

కొలతల విషయంలో సోషల్ మీడియాలో తిరిగే ‘మూడు అంగుళాల రూలు’ మీ కేసుకి పనికిరాదు. 7.62 సెం.మీ. పొడవు, 1.72 సెం.మీ. వెడల్పు అన్నది 1980లో ఢిల్లీ ప్రాంతానికి ఇచ్చిన నోటిఫికేషన్‌లోది. దాన్ని చూసి మీ 9 సెం.మీ. చాకు నేరమని భయపడకండి. ఆయుధ నియమావళి, 2016 షెడ్యూల్‌లోని ఐదో కేటగిరీ 9 అంగుళాలకు మించిన పొడవు గానీ 2 అంగుళాలకు మించిన వెడల్పు గానీ ఉన్న బ్లేళ్ల గురించి మాట్లాడుతుంది. ఇల్లు, వ్యవసాయం, శాస్త్ర, పరిశ్రమ అవసరాలకు తయారైన వాటిని మినహాయిస్తుంది. మీది 9 సెంటీమీటర్లు, 9 అంగుళాలు కాదు. ఈ తేడాను రాతపూర్వకంగా పెట్టాలి. చట్టంలో ఆయుధం అన్న మాట నిర్వచనంలోనే ‘కేవలం గృహ, వ్యవసాయ ఉపయోగానికి రూపొందించిన వస్తువులు’ బయట ఉంటాయి. ‘కేవలం’ అన్న మాట బరువైనది, అందుకే చాకు రూపం, కొన్న ఉద్దేశం, మీ పని, మూడింటికీ రుజువులు కావాలి.

మీ దగ్గర మంచి రుజువు ఒకటి ఉంది, మీరు గమనించినట్టు లేరు. జీడిపిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాల్చేంత ఘాటైనది, బ్లేడు మీద నల్లటి జిగట మరకగా పట్టుకుంటుంది. పిక్కలు కోసిన చాకు అయితే పిడికీ బ్లేడుకీ మధ్య ఉన్న సందులో ఆ జిడ్డూ, గోనె నూలు పోగులూ ఉంటాయి. ఇది పని చాకు అని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? బెయిల్ గురించో, తిరిగి ఇప్పించడం గురించో కోర్టుకి వెళ్లినప్పుడు ఆ వస్తువును (విచారణలో దీన్ని ఎం.ఓ.1గా, అంటే మొదటి వస్తు సాక్ష్యంగా గుర్తిస్తారు) తెరిచి, ఆ మరకను మేజిస్ట్రేట్‌కి చూపించమని మీ లాయర్‌కి చెప్పండి. అప్పుడే స్ప్రింగ్‌తో తెరుచుకుంటుందా, బొటనవేలితో తెరవాలా అన్నదీ తేలిపోతుంది. చాకు చేతికొచ్చినా కేసు ముగిసే వరకు దాన్ని తోమకండి.

మిగతా సాక్ష్యాలు ఇవి. మీ అన్నయ్య ఆన్‌లైన్ ఖాతాలో ఆర్డర్ వివరాలు తెరిచి ఇన్‌వాయిస్ డౌన్‌లోడ్ చేయించండి, ఆ పేజీని పూర్తిగా స్క్రీన్‌షాట్ తీయించండి. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డుకి సర్టిఫికెట్ కావాలి, అందులో ఖాతాదారు భాగాన్ని అన్నయ్య చేత, నిపుణుడి భాగాన్ని నిపుణుడి చేత నింపించి తీసుకోండి. యజమాని దగ్గర నుంచి లెటర్‌హెడ్ మీద ఒక ధృవీకరణ తీసుకోండి. ‘మంచివాడు’ అని రాయించడం దండగ. ఏ పని చేస్తారు, 80 కిలోల బస్తా నుంచి నమూనా ఎలా తీస్తారు, కటింగ్ టెస్ట్‌కి పిక్కలు ఎలా కోస్తారు, పండుగ ముందు రోజు గోడౌన్‌లో డ్యూటీ ఉందా లేదా అన్నవి రాయాలి. మస్టర్ రోల్ కాపీ జత చేయండి. తనిఖీలో జప్తును ఆడియో, వీడియోలో రికార్డు చేయాలని బీఎన్ఎస్ఎస్ 105 చెబుతోంది. ఆ వీడియో ఉంటే కాపీ కోరండి, లేకపోతే లేదని రాతలో తెప్పించుకోండి. ఎవరిని తనిఖీ చేశారో ఆ వ్యక్తికి స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా కాపీ ఇవ్వాలి (బీఎన్ఎస్ఎస్ 103). మీకు ఇవ్వలేదంటే అదీ మీకు ఉపయోగపడే అంశమే.

ఇక పాత తేదీ బిల్లు. ఆ పని చేస్తే మీరు నిజంగానే నేరస్థులవుతారు. కోర్టులో వాడటానికి తప్పుడు రుజువు సృష్టించడం బీఎన్ఎస్ 229 కింద ఏడేళ్ల వరకు జైలు. ఆ షాపు యజమాని క్రాస్ పరీక్షలో జీఎస్టీ రిజిస్టర్‌లో ఈ బిల్లు ఎందుకు లేదన్న ప్రశ్నకి జవాబు చెప్పలేడు. ఉన్న నిజమైన ఇన్‌వాయిస్‌ను వదిలేసి దొంగ బిల్లు వెంట పడమని సలహా ఇచ్చిన స్నేహితుణ్ణి ఈ విషయంలో మళ్లీ అడగకండి.

ఫొటో విషయం అంతకన్నా ఇబ్బంది. పోలీసుల ముందు ‘ఆత్మరక్షణకి పెట్టుకున్నాను’ అని ఒప్పుకున్నట్టు రాసినా ఆ నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదు. కానీ ఇన్‌స్టాలో మీరు సొంతంగా రాసుకున్నది పోలీసులకి చెప్పిన మాట కాదు, అది చెల్లుతుంది. ‘ఎవడొచ్చినా రెడీ’ అన్న వాక్యాన్ని ప్రాసిక్యూటర్ కోర్టులో చదివితే, గోనె నూలు పోగు చూపించి మనం చెప్పిన మాటంతా బలహీనపడుతుంది. అయినా తీసేయకండి. సాక్ష్యంగా కోరబడే రికార్డును నాశనం చేయడం బీఎన్ఎస్ 241 కింద వేరే నేరం. దాన్ని అలాగే ఉంచి లాయర్‌కి చూపించండి. కొత్తగా దాని గురించి ఒక్క మాట కూడా పోస్ట్ చేయకండి.

అందరూ చెప్పే ‘ఫైన్ కట్టేస్తే పోతుంది’ అన్న దారి మీకు అన్నిటికన్నా ప్రమాదం. తప్పు ఒప్పుకున్న వెంటనే మీరు దోషి అవుతారు. ఆ తర్వాత అప్పీల్‌లో నేరం చేయలేదని వాదించే వీలు ఉండదు, శిక్ష ఎక్కువైందనో చట్టానికి విరుద్ధమనో మాత్రమే వాదించగలరు. కానిస్టేబుల్ ఎంపికలో ఇచ్చే ధృవీకరణ ఫారంలో కేసు ఉందా, శిక్ష పడిందా అని అడుగుతారు. సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో చెప్పింది ఇదే: దాచడం వేరు, నిజం చెప్పి వివరణ ఇవ్వడం వేరు. కొట్టివేసిన కేసును నిజాయితీగా రాస్తే వాదించుకోవచ్చు. ఫైన్ కట్టి, ఫారంలో ‘లేదు’ అని రాస్తే ఉద్యోగమే పోవచ్చు.

గడువులు రాసిపెట్టుకోండి. బీఎన్ఎస్ 223 కింద మామూలు ఉల్లంఘన అయితే సంవత్సరం లోపు కోర్టు విచారణకు స్వీకరించాలి (బీఎన్ఎస్ఎస్ 514). అంతేకాదు, ఆ నేరానికి ఉత్తర్వు ఇచ్చిన అధికారి రాతపూర్వక ఫిర్యాదు కావాలి, పోలీసు ఛార్జిషీట్ ఒక్కటే చాలదు (బీఎన్ఎస్ఎస్ 215). ఆ ఉత్తర్వు మీకు తెలిసి ఉల్లంఘించారని కూడా చూపాలి, కాబట్టి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేసి ఆ ఉత్తర్వు కాపీ తీసుకోండి, 30 రోజుల్లో జవాబు రావాలి. ఆయుధాల చట్టమైతే కోర్టు స్వీకరించడానికి మూడేళ్ల సమయం ఉంది, తొందరగా ముగుస్తుందని ఆశించవద్దు. ఛార్జిషీట్ కాగితాలు చేతికి ఇచ్చిన రోజు నుంచి డిశ్చార్జి పిటిషన్‌కి 60 రోజులే (బీఎన్ఎస్ఎస్ 262). పాత చట్టంలో (సీఆర్‌పీసీలో) ఈ గడువు లేదు, కొందరు లాయర్లు ఇంకా గుర్తు పెట్టుకోవడం లేదు. మీరు గుర్తుచేయండి.

ఇప్పుడు చేయాల్సింది. ఏపీ పోలీసు వెబ్‌సైట్‌లో మీ పేరుతో ఎఫ్ఐఆర్ ఉందేమో చూడండి. సున్నితమైనవి మినహా ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. బీఎన్ఎస్ఎస్ 35(3) నోటీసు వస్తే తప్పకుండా హాజరు కండి, పట్టించుకోకపోతే అరెస్టుకి కారణం మీరే ఇచ్చినవారవుతారు. కేసు విజయనగరం పరిధిలోది కాబట్టి పలాసలో లాయర్‌ని పెట్టుకుంటే తిరగడానికే సరిపోతుంది, విజయనగరం బార్‌లోనే చూసుకోండి. ఫీజు కష్టమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి లేదా 15100కి ఫోన్ చేయండి. చాకు తిరిగి ఇప్పించమని బీఎన్ఎస్ఎస్ 503 కింద గానీ, కోర్టు ముందు హాజరుపరిచి ఉంటే 497 కింద గానీ పిటిషన్ వేయించండి. చాకు విలువ వెయ్యి రూపాయలే కావచ్చు. అయినా ఆ పిటిషన్‌కి పోలీసులు జవాబు చెప్పేటప్పుడు వస్తువు ఏమిటో, కేసు ఏ సెక్షన్ కిందో రాతలో బయటపడుతుంది. మీకు కావలసింది అదే.

కొత్త చాకు కొనేటప్పుడు రూపాన్ని కోర్టు కళ్లతో చూడండి. బస్తా కుట్లకి పొడవైన మొన అక్కర్లేదు. వీపు చివరికి వంగి మొన మొద్దుగా ఉండే బ్లేడు, 6 నుంచి 7 సెం.మీ., దారాన్ని బాగా కోస్తుంది, కడుపులో దిగే ఆకారంలా కనిపించదు. బ్లేడును కొలవాల్సింది అది పిడిలోంచి బయటికొచ్చే చోటు నుంచి మొన వరకు. గొళ్లెం లేకుండా స్ప్రింగ్ బిగువుతో నిలిచే పాతరకం జేబుకత్తిలో బ్లేడును వెనక్కి నొక్కితే వేళ్ల మీదకి మడుచుకుపోతుంది, కాబట్టి పొడవకుండా లాగుతూ కోయాలి. లోపలి రేకు అడ్డుపడి ఆపే లాక్ అయితే జీడి పెంకు పొడి ఆ రేకు వెనక చేరి సగమే పడుతుంది, అప్పుడూ మడుచుకుంటుంది. వారానికోసారి బ్రష్‌తో తుడిచి, మినరల్ ఆయిల్ చుక్క వేయండి. కొబ్బరినూనె గట్టిపడి జిగటవుతుంది. సముద్రపు గాలికి కార్బన్ స్టీల్ రెండు రోజుల్లో తుప్పు చుక్కలు పడుతుంది, స్టెయిన్‌లెస్ తీసుకోండి. విక్టోరినాక్స్ 91 మి.మీ. రకంలో బ్లేడు సుమారు 7 సెం.మీ., పక్కనే స్క్రూడ్రైవర్, డబ్బా ఓపెనర్ ఉంటాయి, చూడగానే పనిముట్టు అని తెలుస్తుంది. ఒపినెల్ 6 నంబర్ బ్లేడు కూడా 7 సెం.మీ.

బటన్ కత్తి, రెండంచుల కత్తి, సీతాకోకచిలుకలా తిప్పే కత్తి వద్దే వద్దు. ఇన్‌వాయిస్‌లో వస్తువు పేరు ‘టాక్టికల్’, ‘కాంబాట్’, ‘సెల్ఫ్ డిఫెన్స్’ అని వచ్చే చాకును ఎంత చవకైనా కొనవద్దు, ఆ మాటలు ప్రాసిక్యూటర్ పైకి చదువుతాడు. కొన్న రోజే ఇన్‌వాయిస్ ప్రింటు తీసి గోడౌన్ ఫైల్లో పెట్టండి. చాకును గోడౌన్‌లోనే ఉంచండి. ఇంటికి తేవాల్సిన అవసరం ఉంటే పనిముట్ల సంచిలో, బస్తా సూది, పురికొసతో కలిపి, మడిచి పెట్టండి. ఉత్సవం, ఎన్నికల పోలింగ్, పరీక్ష హాలు, కోర్టు, కలెక్టరేట్ ఉన్న రోజు సంచి తీసి చూసుకుని బయలుదేరండి. విశాఖ నుంచి విమానం ఎక్కితే క్యాబిన్ బ్యాగులో వద్దు, చెక్-ఇన్ సామానులో వేయండి. ఎవరైనా గొడవకి వచ్చినప్పుడు ఈ చాకు జేబులోంచి బయటకి తీస్తే చాలు, బ్లేడు 5 సెం.మీ. అయినా బీఎన్ఎస్ 351 కింద బెదిరింపు కేసు పెట్టవచ్చు, దానితో గాయపరిస్తే సెక్షన్ 118 కింద.

నోటీసు చేతికి రాగానే దాని మీద తేదీ చూసి, కవరు కూడా పారేయకుండా, ఫొటో తీసి లాయర్‌కి పంపండి.