ఆ బాబు ఎందుకు కూర్చునే ఉన్నాడు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు రష్యా విప్లవం మీద. దానికోసం చివరి జార్ కొడుకు అలెక్సీ ఫోటో ఒకటి ప్రింటు తీయించాం. నేవీ డ్రెస్సులో కుర్చీలో కూర్చున్నాడు. ఏడెనిమిదేళ్లు ఉండొచ్చు. రంగులు వేసిన ఫోటో. ముద్దుగా ఉన్నాడు గానీ ముఖం బాగా పాలిపోయింది. రక్తం తక్కువ జబ్బట కదా? కాళ్లు కూడా బాగుండేవి కావట. మా అత్తగారేమో "మేనరికాలు చేసుకుంటే అంతే మరి" అంటున్నారు. ఫోటో కింద ఏం రాయమంటారు? — ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ పాలిపోవడం సంగతి. దాన్ని వదిలేయండి. అసలు ఫోటో నలుపు తెలుపు. ఆ బుగ్గల రంగు ఈ మధ్య ఎవరో కంప్యూటర్లో వేసింది. ఇంకాస్త గులాబీ వేసి ఉంటే "ఎంత ఆరోగ్యంగా ఉన్నాడో" అని రాసేవారు మీరు. అలెక్సీది రక్తహీనత కాదమ్మా. హీమోఫీలియా. రక్తం సరిపడా ఉంటుంది, గడ్డకట్టాల్సినప్పుడు కట్టదు.

గడ్డకట్టకపోవడం అంటే ఏమిటో చదువుకునే రోజుల్లో నా కళ్లతో చూశాను. అప్పటి పరీక్ష చాలా మోటు. రక్తం గాజు ట్యూబులో తీసుకుని, 37 డిగ్రీల వేడినీళ్లలో నిలబెట్టి, అరనిమిషానికోసారి పైకి తీసి మెల్లగా వంచి చూడాలి. మామూలు రక్తమైతే పది నిమిషాలు అటూ ఇటూగా గట్టిపడిపోతుంది. ట్యూబు తలకిందులు చేసినా జారదు. ఒక పిల్లాడి ట్యూబు మాత్రం అరగంట దాటినా వంచినప్పుడల్లా ఇటు జారేది, అటు జారేది. నేనే ఏదో తప్పు చేశాననుకుని టెన్షన్ పడి రెండోసారి చేశాను. మళ్లీ అదే.

ఇక కాళ్లు. ఈ జబ్బు పేరు వినగానే చిన్న గీత పడినా రక్తం ధారకట్టి ప్రాణం పోతుందని భయపడతారు. నిజానికి గీతల కన్నా లోపలి దెబ్బలే ఎక్కువ ఏడిపిస్తాయి. మోకాలు దేనికైనా తగిలితే కీలు లోపలే రక్తం చేరుతుంది. బయటికి దారి లేదు. కీలు వాచిపోతుంది, కాలు చాపనివ్వదు.

అలెక్సీకి పియేర్ జిలియార్ అని స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన మాస్టారు ఉండేవాడు. పిల్లాడి వెనకాలే దెరెవెంకో, నాగోర్నీ అని ఇద్దరు నావికులు కాపలా తిరగడం ఆయనకి నచ్చలేదు. కాస్త స్వేచ్ఛ ఇవ్వండని చెబితే తల్లిదండ్రులు సరేనన్నారు. కొన్నాళ్లు బాగానే గడిచింది. ఒకరోజు చదువుకునే గదిలోనే బాబు కుర్చీ ఎక్కి జారాడు. కుడి మోకాలు సామాను మూలకి కొట్టుకుంది. మర్నాటికి నడవలేకపోయాడు. ఇది ఆ మాస్టారే తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. అది చదివాక కాపలా వాళ్లని తప్పుపట్టడం నా వల్ల కాలేదు.

1912లో స్పాలా అనే చోట, అది ఇప్పుడు పోలండ్‌లో ఉంది, తొడలోనూ గజ్జల్లోనూ రక్తం చేరి చావు అంచుదాకా వెళ్లాడు. ఆఖరి ప్రార్థనలు కూడా జరిపించారు. ఆరోగ్యం బాగోలేదని ప్రకటనలు ఇచ్చారు గానీ జబ్బు పేరు మాత్రం చెప్పలేదు. నలుగురు అక్కల తర్వాత పుట్టిన ఒక్క మగపిల్లాడు, సింహాసనానికి వారసుడు. ఎలా చెబుతారు? తర్వాతి ఏడాది జార్ల రొమనోవ్ వంశపు 300 ఏళ్ల ఉత్సవాల్లో మాస్కోలో ఎనిమిదేళ్ల యువరాజుని ఒక కొసాక్ సైనికుడు చేతుల మీద ఎత్తుకుని నడిచాడు. ఇక జనం గుసగుసలాడకుండా ఉంటారా?

అయినా మీ ఫోటోలో కూర్చున్నాడు కాబట్టి ఆ రోజు కాలు బాగోలేదని తేల్చేయకండి. అప్పట్లో పిల్లల్ని కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో తీయడం మామూలే. 1915, 16ల్లో మొగిలేవ్ సైనిక కేంద్రంలో సిపాయి డ్రెస్సు వేసుకుని తండ్రి పక్కన నిలబడ్డ ఫోటోలూ ఉన్నాయి. ఈ జబ్బులో మంచి రోజులు చాలానే ఉంటాయి.

అత్తగారికి మాత్రం నెమ్మదిగా చెప్పండి. మేనరికాల వల్ల పెరిగే జబ్బులు ఉన్నాయి, ఆ మాట కాదనకండి. ఇది వాటిలోది కాదు. ఈ లోపం ఎక్స్ క్రోమోజోములో ఉంటుంది. కొడుక్కి ఎక్స్ తల్లి నుంచే వస్తుంది. విక్టోరియా రాణి నుంచి కూతురు ఆలిస్‌కి, ఆలిస్ నుంచి అలెగ్జాండ్రాకి, ఆమె నుంచి అలెక్సీకి దిగింది. జార్ నికొలాస్ ఆవిడకి దూరపు బంధువే, నిజమే. కానీ ముక్కూ మొహం తెలియనివాణ్ణి చేసుకున్నా, పుట్టే ప్రతి మగపిల్లాడికీ అదే సగానికి సగం ప్రమాదం.

ఏ రకం హీమోఫీలియా అన్నది చాలా ఏళ్లు తేలలేదు. 2007లో రష్యాలోని యెకాతెరిన్‌బర్గ్ ఊరి దగ్గర దొరికిన అలెక్సీ ఎముకల్లోని డీఎన్‌ఏని పరీక్షించి 2009లో బి రకమని తేల్చారు. రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లలో తొమ్మిదో ఫ్యాక్టర్ అనేదాని లోపం. ఇప్పుడైతే దాన్ని ఇంజెక్షన్‌గా ఇస్తున్నాం.

"జబ్బుతో చనిపోయాడు" అని మాత్రం అమ్మాయిని రాయనివ్వకండి. 1918 జులై 17న యెకాతెరిన్‌బర్గ్‌లో కుటుంబం మొత్తాన్నీ కాల్చి చంపారు. అప్పటికి అతనికి పద్నాలుగు కూడా నిండలేదు. కొన్ని నెలల కిందట తగిలిన దెబ్బతో నడవలేక ఉన్నాడు. ఆ రాత్రి నేలమాళిగలోకి తండ్రే ఎత్తుకుని దించాడు. కూర్చోడానికి ఏమీ లేదని తల్లి అడిగితే రెండు కుర్చీలు తెప్పించారు. ఒకదాంట్లో ఆమె, రెండోదాంట్లో బాబు.

ఇదంతా స్కూల్ ప్రాజెక్టులో ఎక్కించక్కర్లేదు. ఫోటో కింద ఇంత చాలు: "అలెక్సీ నికొలాయెవిచ్, రష్యా యువరాజు, 1904–1918. హీమోఫీలియా బి ఉండేది. రంగులు తర్వాత వేసినవి."