ఎర్రర్ రాదు, జవాబు మాత్రం తప్పు: పైథాన్‌లో ఎక్కడ వెతకాలి?

అనంతపురంలో డిగ్రీ మొదటి ఏడాది చదువుతున్నానని, పైథాన్ ప్రోగ్రామ్ ఒక్క ఎర్రర్ కూడా చూపించకుండా తప్పు జవాబు ఇస్తోందని, లైన్లు ఎన్ని మార్చి చూసినా కారణం దొరకట్లేదని రాశారు. ముందు ఆ మార్చడం ఆపండి. కోడ్‌లో ఒక్క అక్షరం ముట్టుకోకముందే, వేరియబుల్‌లో నిజంగా ఏముందో చూడండి. కొత్తవాళ్లను ఏడిపించే బగ్గుల్లో చాలావరకు, మనం ఉందనుకున్నది ఒకటి, అక్కడ ఉన్నది ఇంకొకటి కావడం వల్ల వచ్చేవే.

నేను కర్నూలులో ఉంటాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆదివారాలు మా వీధి పిల్లలకు పైథాన్ చెబుతుంటాను. వాళ్లలో ఒకబ్బాయి నాన్న ఉల్లి పండించి ఇక్కడి మార్కెట్ యార్డుకు తెస్తాడు. వచ్చిన రేట్లు టైపు చేస్తే అందులో ఎక్కువ రేటు ఏదో చెప్పే చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నాడు పిల్లోడు. బాగానే పనిచేసింది. ధర పడిపోయిన రోజున వచ్చి, "అన్నా, నిన్నటిదాకా కరెక్టుగానే చెప్తాండె, ఈ పొద్దు ఏమైందో" అన్నాడు. క్వింటాలు రేట్లు 1180, 1040, 950 అని కొడితే, అన్నిటికన్నా ఎక్కువ 950 అంటోంది.

కోడ్ చదివితే ఎక్కడా తప్పు కనపడదు. రేట్లు తీసుకుంటున్నాడు, లిస్టులో వేస్తున్నాడు, మ్యాక్స్ అడుగుతున్నాడు. చిక్కంతా ఇన్‌పుట్ ఫంక్షన్ దగ్గర ఉంది. మనం అంకెలు కొట్టినా అది స్ట్రింగ్‌గానే, అంటే సంఖ్యగా కాకుండా అక్షరాల వరసగానే తెచ్చి ఇస్తుంది. రెండు స్ట్రింగులను పోల్చేటప్పుడు పైథాన్, నిఘంటువులో పదాలు పేర్చినట్టు, మొదటి అక్షరం నుంచి చూసుకుంటూ పోతుంది. 1180లో మొదటిది 1, 950లో మొదటిది 9. అక్కడే తేలిపోయింది, మిగతా అంకెల జోలికే పోదు. రేట్లన్నీ నాలుగంకెల్లో ఉన్నన్నాళ్లూ ఈ తప్పుడు పోలికే సరైన జవాబు ఇస్తూ వచ్చింది. మూడంకెల రేటు ఒకటి రాగానే బయటపడింది. అందుకే ప్రోగ్రామ్ పరీక్షించేటప్పుడు ఒకే రకం అంకెలు ఇవ్వొద్దని పిల్లలకు పదే పదే చెబుతాను. 9, 10, 100 కలిపి ఇవ్వండి. సున్నా ఇవ్వండి. ఏమీ టైపు చేయకుండా ఎంటర్ కొట్టి చూడండి.

ఆ రోజు దాన్ని పట్టించింది రెపర్ అనే ఫంక్షన్. స్పెల్లింగ్ ఆర్, ఈ, పీ, ఆర్. ఒక్క ప్రింట్ మాత్రమే వాడితే స్ట్రింగ్ అయినా, సంఖ్య అయినా 950 అనే కనిపిస్తుంది. ప్రింట్ లోపల రెపర్ పెడితే, స్ట్రింగ్ చుట్టూ కొటేషన్ గుర్తులు కూడా వస్తాయి. ఆ కొటేషన్లు చూడగానే అబ్బాయికే అర్థమైంది. నేను చెప్పాల్సిన పని పడలేదు. రేటును ఇంట్‌తో సంఖ్యగా మార్చి లిస్టులో వేశాడు, సరిపోయింది.

ఫైల్ నుంచి చదివేటప్పుడు కూడా ఇదే పద్ధతి. ఫైల్‌లోంచి ఒక్కో లైనూ చదివితే, చివర కొత్త లైన్ గుర్తు కూడా వెంట వస్తుంది. స్క్రీన్ మీద "కడప" అనే ఉంటుంది, పోలిస్తే సమానం కాదంటుంది. స్ట్రిప్ వాడితే పోతుంది.

తెలుగు డేటాతో పనిచేస్తే దీన్ని మించిన చిక్కు ఒకటుంది. దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ఊళ్ల పేర్ల జాబితాలో "డోన్" అని వెతికితే దొరకట్లేదని ఒకమ్మాయి తెచ్చింది. జాబితాలో కళ్లెదురుగా డోన్ ఉంది. స్ట్రిప్ కూడా వాడింది. యూనికోడ్‌లో డోన్ అంటే నాలుగు గుర్తులు: డ, ఓత్వం, న, పొల్లు. ఎన్ని గుర్తులున్నాయో చెప్పే లెన్‌ను అడిగితే 4 రావాలి. జాబితాలోని డోన్‌కు 5 వచ్చింది. కొన్ని తెలుగు కీబోర్డులు పొల్లు తర్వాత కంటికి కనపడని గుర్తు ఒకటి పెడతాయి. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. పైథాన్ దాన్ని ఖాళీ జాగా కింద లెక్కవేయదు, అందుకే మామూలు స్ట్రిప్ దాన్ని తీయదు. రెపర్‌తో ప్రింట్ చేస్తే మాత్రం పేరు చివర బ్యాక్‌స్లాష్, దాని పక్కన యు 200సి అని స్పష్టంగా కనపడుతుంది. స్ట్రిప్‌కు ఆ గుర్తునే ఇచ్చి చివర్నుంచి తీసేయించాం. పదం మధ్యలో ఉన్నవాటిని మాత్రం కళ్లు మూసుకుని తీసేయకండి. సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో ట, వ కలిసిపోయి ఒత్తు కాకుండా ఆపేది అదే.

దశాంశాల సంగతి. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తే కంగారు పడకండి. అది పైథాన్ తప్పు కాదు, జావాలోనూ అంతే. డబ్బు లెక్కలైతే పైసల్లోకి మార్చి పూర్ణ సంఖ్యలతో చేయండి.

ఇక ఎర్రర్ వచ్చి, అది చూపించే చోట తప్పు లేకపోతే ఇంకో రకం టెన్షన్. ఇన్వాలిడ్ సింటాక్స్ అని ఒక లైన్ చూపిస్తుంది, ఆ లైన్ శుభ్రంగా ఉంటుంది. వెంటనే పై లైన్ చూడండి, చాలాసార్లు మూయని బ్రాకెట్ ఉంటుంది. 2021లో వచ్చిన 3.10 నుంచి బ్రాకెట్ మూయలేదని పైథానే చెబుతోంది గానీ, మీ ల్యాబ్‌లో పాత వెర్షన్ ఉంటే ఆ సాయం ఉండదు. ముందు వెర్షన్ ఎంతో చూసుకోండి. అలాగే రాండమ్ మాడ్యూల్ నేర్చుకుంటూ మీ ఫైల్‌కే రాండమ్ అని పేరు పెట్టారా? అప్పుడు ఇంపోర్ట్ అనగానే అసలు మాడ్యూల్ బదులు మీ ఫైలే తెరుచుకుంటుంది, రాండింట్ అనేదే లేదంటుంది. ఫైల్ పేరు మారిస్తే చాలు. లిస్టుకు సార్ట్ చేసి ఆ ఫలితాన్ని మళ్లీ అదే పేరులో దాచుకుంటే నన్ (పైథాన్‌లో "ఏమీ లేదు" అని) మిగులుతుంది, ఎందుకంటే సార్ట్ లిస్టును ఉన్నచోటే సర్దుతుంది గానీ ఏమీ తిరిగివ్వదు. కొత్త లిస్టు కావాలంటే సార్టెడ్ వాడండి.

మీ ప్రోగ్రామ్‌లో ప్రతి ఇన్‌పుట్ కిందా, జవాబు లెక్కగట్టే లైన్‌కు సరిగ్గా ముందూ రెపర్‌తో ఒక్కో ప్రింట్ పెట్టి నడపండి. అప్పటికీ తేలకపోతే కోడ్, మీరు టైపు చేసిన విలువలు, స్క్రీన్ మీద వచ్చినదంతా ఇక్కడే పెట్టండి. ఫోన్‌తో తీసిన ఫోటో వద్దు, కాపీ చేసి పేస్ట్ చేయండి. ఖాళీ జాగాలు, ట్యాబ్‌లు ఫోటోలో తెలియవు, కాపీ చేస్తే నేను నా దగ్గర నడిపి చూడగలను.