వేప్ ట్యాంకు కారుతోందా? చిల్లు వెతక్కండి, గాలి సంగతి చూడండి

వేప్ (ఈ-సిగరెట్) ట్యాంకులో లిక్విడ్ నింపిన పది నిమిషాల్లో అడుగున గాలి రంధ్రాల్లోంచి కారుతోందని, ట్యాంకు మార్చినా అదే తంతని, ఎక్కడ పగిలిందో కనబడటం లేదని రాశారు. ఎక్కడా పగిలి ఉండదండీ. లెస్టర్‌లో మొదటి నెల నాదీ ఇదే అవస్థ. కోటు జేబు జిడ్డోడుతుంటే, జనవరి చలిలో ఈ మామిడిపండు వాసన ఎక్కణ్ణుంచని మా ఆవిడ నిలదీసింది. నేనూ అనవసరంగా రెండో ట్యాంకు కొన్నాను.

మీరూ యూకేలోనే ఉన్నానన్నారు కాబట్టి తెలిసే ఉంటుంది: ఇక్కడ ట్యాంకు 2 మిల్లీలీటర్లు, నికోటిన్ లిక్విడ్ సీసా 10 మిల్లీలీటర్లు దాటకూడదు. అంటే మాటిమాటికీ నింపుకోవాల్సిందే. 2025 జూన్ 1 నుంచి వాడి పారేసే రకం అమ్మకం ఆపేశాక, ఇన్నాళ్ళూ నింపే పనే ఎరగనివాళ్ళు కూడా ఇప్పుడు చేతులు జిడ్డు చేసుకుంటున్నారు. (సిగరెట్ మానడానికని నేను దీన్ని పట్టుకున్నా. అసలు ఏ అలవాటూ లేనివాళ్ళు దీని జోలికి రాకండి.)

మన ఆఫీసుల్లో నీళ్ళ క్యాన్ బోర్లించి పెడతారు చూడండి. పైన గాలి చొరబడే దారి లేదు కాబట్టే నీళ్ళు ఆగుతాయి. ఆ క్యాన్ నెత్తిన చిన్న బెజ్జం పెడితే గది నిండా నీళ్ళే. మీ ట్యాంకూ అంతే. కాయిల్ (లిక్విడ్‌ని వేడిచేసి ఆవిరి చేసే తీగచుట్ట) చుట్టూ ఉన్న దూది ఒక్కటే లిక్విడ్‌ని ఆపలేదు, పైన మూత బిగువుగా ఉండటం వల్ల ఆగుతోంది. నింపడానికి మూత తీశారంటే ఆ పట్టు పోయినట్టే. దూదిలోంచి కాయిల్‌లోకి, అక్కణ్ణుంచి గాలి రంధ్రాల్లోకి దిగిపోతుంది.

అందుకే మూత తియ్యకముందే అడుగున గాలి రంధ్రాల్ని తెరిచి మూసే రింగుని తిప్పి పూర్తిగా మూసెయ్యండి. సీసా ముక్కును పక్కగా వంచి, గాజు గోడ వెంట పొయ్యండి. నడిమి గొట్టంలో ఒక్క చుక్క పడినా అది నేరుగా నోట్లోకి వస్తుంది, ఆ రుచి పగవాడికి కూడా వద్దు. అంచుదాకా నింపకండి, పైన కాస్త గాలి ఉండాలి. ఇక తాత్సారం చెయ్యకుండా మూత బిగించండి. మూతతో పాటు లోపలికి నొక్కుకుపోయిన గాలి లిక్విడ్‌ని కిందికి తోస్తుంది కదా, అందుకని ట్యాంకుని తలకిందులు చేసి, అలాగే పట్టుకుని రింగు తెరవండి. ఒత్తిడంతా గాలిగానే బయటికి పోతుంది. ఈ ఒక్క కిటుకుతో నా గొడవ ముప్పాతిక వంతు తీరింది.

మిగతా పాతికా రబ్బరు రింగులది. ఒకసారి సింకులో ట్యాంకు కడుగుతుంటే, కంటికి ఆననంత రింగు ఒకటి నీళ్ళలో కొట్టుకుపోయింది. అది లేదని నాలుగు రోజులకు గాని గమనించలేదు. విప్పినప్పుడల్లా రింగులు లెక్కపెట్టుకోండి. నలిగినవి మార్చండి. బిగించే ముందు వేలితో లిక్విడ్ తడి రాస్తే మడత పడవు. కాయిల్ మరలు చేత్తో బిగిస్తే చాలు, పటకారు వద్దు.

కొత్త కాయిల్ వేసినప్పుడు కిరోసిన్ స్టవ్ కొత్త వత్తి గుర్తు తెచ్చుకోండి. నానకుండా వెలిగిస్తే ఏమవుతుంది? దూది మీద నాలుగు చుక్కలు వేసి, ట్యాంకు నింపాక పది నిమిషాలు ఆగండి. ఎక్కువ తీపి ఉన్న లిక్విడ్లు కాయిల్‌ని తొందరగా మాడ్చేస్తాయి. నాకు పది పన్నెండు రోజులు వస్తుంది.

లిక్విడ్ చిక్కదనం కూడా చూసుకోండి. పొగ ఎక్కువ వచ్చే పెద్ద కాయిళ్ళలో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ సగం సగం ఉండే పల్చటి 50/50 లిక్విడ్ పోస్తే మీరెంత జాగ్రత్తపడ్డా కారుతుంది. వాటికి గ్లిజరిన్ 70 శాతం ఉన్నది సరిపోతుంది.

పీలిస్తే గుడగుడమంటోందంటే కాయిల్ మునిగిందన్నమాట. ట్యాంకుని బ్యాటరీ నుంచి విప్పి, కింద టిష్యూ పెట్టి, నోటి వైపు నుంచి మెల్లగా ఊదండి. బ్యాటరీ మీది లోహపు బొడిపెని పొడిగా తుడవండి. చేతికంటిన లిక్విడ్ సబ్బుతో కడుక్కోవాలి, నికోటిన్ చర్మంలోంచీ ఎక్కుతుంది. సీసా పిల్లలకు అందనివ్వకండి.

విమానంలో పైకెళ్ళేకొద్దీ లోపలి గాలి ఉబ్బి లిక్విడ్‌ని తోసేస్తుంది కాబట్టి ముందే ట్యాంకు ఖాళీ చెయ్యండి. బ్యాటరీ ఉన్నది చేతి సంచిలోనే పెట్టుకోవాలి. ఇండియాకైతే అసలు పట్టుకెళ్ళకండి. 2019 చట్టంతో అమ్మడమే కాదు, దిగుమతి కూడా నేరమైంది. మొదటిసారికే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. నేను సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు ట్యాంకు కడిగి, ఆరబెట్టి, రింగులన్నీ చిన్న డబ్బాలో వేసి ఇక్కడే సొరుగులో పెట్టి వెళ్తాను.