కొర్రమట్టకు గాలమెయ్యాలంటే

చిరంజీవి అల్లుడికి మామ దీవెనలు.

కొత్త గాలం కట్టె తెప్పిచ్చుకొని మూడు ఆదివారాలు హన్మకొండ నుంచి మన చెరువుకొచ్చి, మూడు సార్లూ ఉత్త చేతుల్తోనే పోయినవని మీ అమ్మ చెప్పింది. ఫోన్ల చెప్తే సగం మరిచిపోతవ్, అందుకే రాస్తున్న.

నువ్వు మత్తడి కాడ నిలబడి, చేతికున్న సత్తువంత పెట్టి చెరువు నడుమకు ఇసురుతున్నవట. అక్కడ తిరిగేది చేపలు పట్టే సంఘపోళ్ళు ఇడిచిన బొచ్చె, రవ్వ. కొర్రమట్ట అట్ల ఈత కొట్టుకుంట తిరగదు. తుంగ మొదట్ల, తామరాకు కింద, గుర్రపు డెక్క నీడకు, మోకాటి లోతు నీళ్ళల్ల కదలకుండ కాపు కాస్తది. కప్పపిల్లనో పరకనో దగ్గరికొస్తే ఒక్క ఉరుకు ఉరికి మింగుతది. నువ్వు నిలబడ్డ కాళ్ళ కిందనే ఉన్న చేపను ఇడిచి దూరానికి ఎందుకు ఎయ్యాలె?

ముందుగాల అరగంట గాలం ముట్టుకోకు. ఉత్తగ కూసోని నీళ్ళ దిక్కు చూడు. కొర్రమట్టకు నీళ్ళల్ల ఉన్న గాలి సరిపోదు, పైకొచ్చి నోటితోని గాలి గుంజుకోకుంటే నీళ్ళల్ల ఉండి కూడ సచ్చిపోతది. అదే దాన్ని పట్టిస్తది. ఆకుల సందుల గుబుక్కుమని చిన్న సప్పుడైతది, గుండ్రటి అల లేస్తది, అల నడుమ రెండు మూడు బుడగలు పగులుతయ్. అది పెద్దగాలి కాదు, చిన్న చేప ఎగురుడు కాదు. రెండు మూడు సార్లు వింటే నీ చెవే పోల్చుకుంటది. తెల్లారంగ ఎండ పడకముందు, మళ్ళ పొద్దుగూకేటప్పుడు మంచిగ వినిపిస్తది. కట్ట మీద ధనధన నడవకు, నీ నీడ నీళ్ళ మీద పడనియ్యకు.

చోటు దొరికినంక సూటిగ దాని నెత్తి మీద ఎయ్యకు, బెదిరిపోతది. బారెడు అవుతలకు ఏసి, గాలానికి ఎరగ కట్టిన రబ్బరు కప్పను ఆకు మీద నుంచి మెల్లగ గుంజుకుంట రా. ఆకు అంచుల ఆపు. ఎక్కువ చేపలు ఆ ఆగినప్పుడే పట్టుకుంటయ్. నీళ్ళు భగ్గుమంటయ్, నీ గుండె కూడ. అప్పుడే కట్టె ఎత్తితే కప్ప ఒక్కటే ఎగిరొస్తది. అందరు పోగొట్టుకునేది ఇక్కడనే. నోట్లకు మంచిగ తీసుకోనియ్యి, దారం బిగుసుకుందని చేతికి తెలిసినంక గట్టిగ గుంజు. ఇగ ఇడువకు. తుంగలకు దూరిందంటే దారం చుట్టుకొని తెంపుకుంటది. సన్న దారం పనికిరాదు, అల్లిన దారమే కట్టు.

ఒడ్డుకు పడ్డంక కూడ పని అయిపోలె. తడి గడ్డి మీద పాకుకుంటనే మళ్ళ నీళ్ళల్లకు పోతది. తడిపిన గోనె సంచిల ఏసి మూతి కట్టు, ఇంటికొచ్చేదాక బతికే ఉంటది. జిగురు పోవాలంటే బూడిద, ఉప్పు రుద్దాలె.

ఇంక ఒక్క మాట, అన్నిటికన్న ముఖ్యమైంది. మిరుగు కార్తె వారంల ఉంది. వానలు పడ్డంక అంచుల ఎర్రటి చిన్న పిల్లలు గంపెడంత గుంపుగ బుడుబుడుమని పైకి కిందికి ఆడుతుంటయ్. వాటి కింద తల్లీ తండ్రీ కావలుంటయ్. ఆ టైముల ఏది కదిలినా కరుస్తయ్, పట్టుడు శాన సులువు. నేను వయసుల ఉన్నప్పుడు అట్ల ఒక దాన్ని పట్టిన. సంచిల ఏసి తిరిగి చూసేసరికి గుంపు చెదిరిపోయింది. పిల్లలు ఒక్క దగ్గర గిరగిర తిరుగుతున్నయ్, చుట్టు చిన్న చేపలు వచ్చి తింటున్నయ్. కొంగ ఒకటి దిగింది. నేను రాళ్ళు ఇసిరిన, ఏం చెయ్యలేకపోయిన. ఆ రోజు కూర ముట్టలేదు. తెలంగాణ అయినంక 2016ల మన రాష్ట్ర చేప ఇదే అని సర్కారు చెప్పింది కానీ, చెరువుల పిల్లను ఎవరు కాపాడాలె, మనమే కదా. ఎర్ర గుంపు కనవడితే గాలం చుట్టుకొని ఇంకో దిక్కు పో.

సంఘం పెద్దమనిషిని అడగకుండ కట్ట ఎక్కకు. చెరువు మీద వాళ్ళ బతుకున్నది. నేను వచ్చే ఆదివారం వాళ్ళకు చెప్పి పెడ్త. నువ్వు తెల్లారంగ ఐదు గంటలకల్లా తూముకు పడమటి దిక్కు తుంగ కాడికి రా. గాలం కట్టె బండి మీదనే ఉంచు.

మీ మామ