చెట్టు బొమ్మ వేయించే ముందు

విజయవాడ, సత్యనారాయణపురం

చిరంజీవి అమ్మాయికి మావయ్య దీవించి రాసేది.

నీ మెసేజ్ చూశాను. హాస్టల్లో ఇంటర్ పిల్లల చేత ఆదివారం పూట చెట్టు బొమ్మలు వేయించి, వాళ్ల టెన్షన్ కాస్త దించాలన్న ఆలోచన బాగుంది. దానితో పాటు పంపిన చార్టు మాత్రం నాకు నచ్చలేదు. పుట్టిన తేదీ చూసి నువ్వు ఫిర్ చెట్టు, నువ్వు సైప్రస్ చెట్టు అని స్వభావం చెప్పేస్తుందట. గుంటూరులో ఫిర్ చెట్టు నీడన ఎవరు కూర్చున్నారే? మన దగ్గరా నక్షత్రానికో చెట్టు ఉంది. రోహిణికి నేరేడు, మఖకు మర్రి, ధనిష్ఠకు జమ్మి. నాది ధనిష్ఠే. ఆ పేరు చెప్పి గుడి ఆవరణలో ఒక జమ్మి మొక్క నాటాను, బతికింది, సంతోషం. అంతేగానీ ధనిష్ఠలో పుట్టినవాళ్లంతా జమ్మిలా ముళ్లున్న మనుషులంటే మీ అత్తయ్య ఒక్కతే ఒప్పుకుంటుంది.

డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసే రోజుల్లో నాకూ ఈ పిచ్చి పట్టింది. స్విట్జర్లాండులో కార్ల్ కోఖ్ అనే సైకాలజిస్టు 1949లో చెట్టు పరీక్ష మీద పుస్తకం తెచ్చాడు. తెల్లకాగితం ఇచ్చి పళ్ల చెట్టు వేయమనడం, వేర్లూ మానూ కొమ్మలూ ఎలా వేశారో చూసి మనిషి గుణం చెప్పడం. అమెరికాలో జాన్ బక్ అనే ఆయన 1948లోనే ఇల్లు, చెట్టు, మనిషి మూడూ వేయించే పరీక్ష పెట్టాడు. మానుకు తొర్ర వేస్తే పాత గాయమని, ఇలా ఒక్కో గుర్తుకు ఒక్కో అర్థం కట్టేశారు. తర్వాతివాళ్లు పరీక్షించి చూస్తే ఆ అర్థాలు చాలావరకు నిలబడలేదు. ఆ సంగతి నాకు అప్పట్లో తెలియదు. సగం చదివి పూర్తి డాక్టర్ని అయిపోయాను.

ఎనిమిదో తరగతి కుర్రాడొకడు చెట్టు వేశాడు. మాను దిట్టంగా ఉంది, పైన మాత్రం కత్తిపెట్టి కోసినట్టు చదునుగా ఉంది. వీడి ఆశల్ని ఇంట్లో ఎవరో తొక్కేస్తున్నారని తేల్చేసి, వాళ్ల నాన్నను పిలిపించి చెప్పాను కూడా. ఆయన ఇంటికెళ్లి పిల్లాణ్ణి ఏమన్నాడో ఏమో, ఆ ఏడాదంతా వాడు నా క్లాసులో ఒక్క గీత గీయలేదు. చాలా నెలల తర్వాత ఏదో పనిమీద వాళ్ల వీధికి వెళ్లాను. ఇంటిముందు బాదం చెట్టు. కరెంటు తీగలకు తగులుతోందని ఏటా వానలకు ముందు దాని తల నరికేస్తారట. వాడు రోజూ చూసేదే వేశాడు. ‘ఇది ఎక్కడి చెట్టురా?’ అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఇప్పటికీ ఆ వీధిలోంచి వెళ్లను.

కాబట్టి బొమ్మ చూసి పిల్లల గురించి నువ్వు చెప్పకు, వాళ్లచేత చెప్పించు. మొన్న పొద్దున్న వాకింగ్‌లో మా వాళ్లను సరదాకి అడిగాను, మీరు ఏ చెట్టండీ అని. ఇద్దరు తాడి అన్నారు. ఒకాయన నవ్వుతూ, ‘ఎత్తే గానీ నీడ లేదండీ, అందుకే పిల్లలు రారు’ అన్నాడు. రెండో ఆయనది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెనలో తాడిచెట్టును వాటేసుకుని తెల్లవార్లూ ఉన్నాడట. మేం ఆ రోజు ఇంకో రౌండు వేయలేదు. ఈ ఇద్దరినీ నీ చార్టులో ఏ గడిలో పెడతావు?

పద్ధతి కావాలంటే మంచిదే ఉంది. జింబాబ్వే సైకాలజిస్టు న్కాజెలో న్కూబె, ఆస్ట్రేలియాకు చెందిన డేవిడ్ డెన్‌బరో కలిసి తీర్చిదిద్దారు, ‘జీవన వృక్షం’ అనుకో. ఎయిడ్స్ వల్ల అమ్మానాన్నలను పోగొట్టుకున్న ఆఫ్రికా పిల్లల కోసం మొదలైంది. వేర్ల దగ్గర ఊరు, తాతముత్తాతలు, ఇంట్లో పాడుకునే పాటలు రాయాలి. నేల మీద ఇప్పటి రోజువారీ బతుకు. మాను మీద తనకు చేతనైనవి, కొమ్మల మీద ఆశలు, ఆకుల్లో తనకు కావలసిన మనుషులు, కాయల్లో ఇతరుల నుంచి అందినవి. ఆ తర్వాత బొమ్మలన్నీ గోడకు అంటించి అడవి చేస్తారు. గాలివానల సంగతి, అంటే పడ్డ కష్టాల సంగతి, అప్పుడే, అందరూ కలిసి మాట్లాడుకుంటారు. ఆ వరుస మాత్రం మార్చకు. కాళ్లకింద నేల దొరక్కముందే పిల్లచేత ఏడుపు తవ్వించకూడదు.

మీ పిల్లలకు మాను దగ్గర ఎక్కువ టైమ్ పడుతుంది. నీకేం వచ్చు అంటే ర్యాంకు చెబుతారు, లేదా ఏమీ రాదంటారు. తొందరపెట్టకు. తమ్ముణ్ణి నిద్రపుచ్చడం, మిరపకాయలకు తొడిమలు తీయడం, అట్టు చిరగకుండా తిరగేయడం, ఇవన్నీ రాయించు. ఆకుల్లో చనిపోయినవాళ్ల పేరు కూడా రాయొచ్చని ముందే చెప్పు, పిల్లలు అడగడానికి భయపడతారు. బొమ్మ రాదని ఏడ్చేదానికి చెయ్యి కాగితం మీద పెట్టి చుట్టూ గీసుకోమను. ముంజేయి మాను, వేళ్లు కొమ్మలు.

మా వీధి పిల్లలతో చేసినప్పుడు ఒకమ్మాయి ములగ చెట్టు వేసింది. గాలికి ముందు విరిగేది అదే కదా అని నాలో పాత రోగం లేచింది. నోరు కట్టేసుకుని, ‘ములగే ఎందుకమ్మా?’ అన్నాను. ‘మా అమ్మ కాయలు అమ్ముతుంది మాస్టారూ’ అంది. వాళ్లమ్మ గురించి ఇంకో పావుగంట చెప్పింది.

బొమ్మ ఆ పిల్లది. ఫోటో తీసి గ్రూపులో పెట్టకు, వార్డెన్ అడిగినా పిల్లను అడక్కుండా ఇవ్వకు. ఒక్కదానికి మాత్రం ఈ గుట్టు పనికిరాదు. బతకాలని లేదని ఎవరైనా అంటే, నవ్వుతూ అన్నా సరే, బొమ్మ పక్కన పెట్టెయ్. పిల్లను ఒంటరిగా వదలకుండా ఇంట్లోవాళ్లకు చెప్పి డాక్టరుకు చూపించాలి. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలి మానస్ నంబరు 14416, ఏ వేళైనా తీస్తారు, డబ్బు కట్టక్కర్లేదు. ఆ నంబరు హాస్టల్ గోడమీద పెద్దక్షరాలతో ఇప్పుడే రాయించు.

డ్రాయింగ్ షీట్లు కొనకు. నా బీరువాలో నలభై దాకా ఉన్నాయి, అంచులు కాస్త పసుపెక్కాయంతే. శనివారం మీ బావ గుంటూరు వస్తున్నాడు, ఇచ్చి పంపిస్తాను. క్రేయాన్లలో ఆకుపచ్చ ముందు అయిపోతుంది, అది రెండు పెట్టెలు ఎక్కువ తెచ్చుకో.

మావయ్య