మబ్బు పట్టిన రోజు ఆర్‌సీ ప్లేన్ ఎగరేయొచ్చా? చినుకులు పడితే ఏమవుతుంది?

మీ ప్రశ్నలో రెండు విషయాలున్నాయి. ఆకాశమంతా మబ్బు కమ్మి ఉంటే మీ తెల్లటి ఫోమ్ ట్రైనర్‌ని (నేర్చుకునేవాళ్లు రిమోట్‌తో నడిపే చిన్న విమానం) ఎగరేయొచ్చా అన్నది ఒకటి, అది గాల్లో ఉండగా చినుకులు మొదలైతే లోపలి ఎలక్ట్రానిక్స్ కాలిపోతాయా అన్నది రెండోది. మబ్బు రోజు నిస్సంకోచంగా ఎగరేయండి. చినుకుల విషయానికొస్తే, ప్లేన్ గురించి మీకున్నంత టెన్షన్ అక్కర్లేదు. మీ చేతిలోని రిమోట్‌నీ, అంటే ట్రాన్స్‌మిటర్‌నీ, ప్లేన్ మీ కంటికి ఎలా కనిపిస్తుందన్నదాన్నీ ఎక్కువ పట్టించుకోవాలి. ఇన్నేళ్లలో నేను చూసినంతవరకు ఇలాంటి వాతావరణంలో తడిసి పాడైన ప్లేన్ల కంటే, ఎటు తిరిగి ఉందో అర్థంకాక కూలిన ప్లేన్లే ఎక్కువ.

ముందు మంచి సంగతి చెప్తాను. కొత్త ప్లేన్‌కి మొదటి ఫ్లైట్ చేయాలన్నా, ట్రిమ్ (ట్రాన్స్‌మిటర్ స్టిక్ వదిలేసినా ప్లేన్ తిన్నగా పోయేలా చేసే సర్దుబాటు) సరిచేయాలన్నా నేను కావాలని మబ్బు రోజు కోసం చూస్తాను. ఎండ లేకపోతే నేల ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వేడెక్కడం ఉండదు. వేడిగాలి పైకి లేవదు, గాలి నిలకడగా ఉంటుంది. స్టిక్ వదిలేశాక ప్లేన్ ఎడమకి వాలిందంటే అది గాలి చేసిన పని కాదు, ట్రిమ్‌లోనే తేడా ఉందని ధైర్యంగా చెప్పొచ్చు. ఎండ రోజుల్లో ఇదే తేల్చుకోవడానికి చాలాసేపు పడుతుంది. పైగా ప్లేన్ సూర్యుడికి అడ్డంగా వెళ్లినప్పుడు కళ్లు చెదిరే బాధ ఉండదు. థర్మల్స్ మీద, అంటే పైకి లేచే వేడిగాలి మీద ఆధారపడే గ్లైడర్ వాళ్లకి మాత్రం ఇది చప్పటి రోజే. మోటార్ ఉన్న ట్రైనర్‌కి ఇంతకంటే మంచి గాలి దొరకదు.

ఇక చూపు సంగతి. మబ్బు వెలుతురు అన్ని వైపుల నుంచీ ఒకేలా వస్తుంది. ఎండలో అయితే రెక్క మీద పడే మెరుపు, నీడ చూసి ప్లేన్ ఎటు వాలిందో మనకు తెలియకుండానే పసిగట్టేస్తాం. మబ్బు పడితే ఆ ఆనవాళ్లు పోతాయి. ప్లేన్ కింది భాగం నీడలో, వెనక వెలుతురున్న ఆకాశం. కాస్త దూరం వెళ్లేసరికి రంగులన్నీ పోయి ఒట్టి ఆకారమే మిగులుతుంది. అది మన వైపు వస్తోందో, మన నుంచి దూరం పోతోందో చెప్పడం కష్టం. తెల్ల ఫోమ్‌తో ఇంకో చిక్కుంది. పల్చటి ఫోమ్ గుండా వెలుతురు కొంత దిగుతుంది కాబట్టి అది నల్లగా కూడా కనపడదు, బూడిదరంగు ఆకాశంలో కలిసిపోతుంది.

అందుకే మీ ప్లేన్‌కి ఖర్చు పెట్టాలనుకుంటే ముందు రంగు టేప్ కొనండి. రెక్కల కింది వైపు ముందంచు నుంచి వెనకంచు దాకా కనీసం అరచేయంత వెడల్పున్న నల్ల పట్టీలు వేయండి. సన్న గీతలు దూరానికి కలిసిపోయి ఏమీ కనపడవు. పై వైపు ఫ్లోరసెంట్ నారింజ గానీ ఎరుపు గానీ పెద్ద పెద్ద భాగాలుగా వేస్తే బాగుంటుంది, ఈ రంగులు మసక వెలుతురులో కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, పైనా కిందా ఒకే డిజైన్ ఉండకూడదు. రెండు రెక్కల మీదా టేప్ బరువు సమానంగా ఉండేలా చూసుకోండి, లేకపోతే ఒకవైపు వాలుతుంది. పసుపు అద్దాల కళ్లజోడు కూడా మబ్బు రోజున నాకు బాగా పనికొచ్చింది, ఆకాశానికీ ప్లేన్‌కీ మధ్య తేడా కాస్త స్పష్టంగా తెలుస్తుంది.

ఇంత చేసినా ఎప్పుడో ఒకసారి ప్లేన్ ఎటు పోతోందో తెలియని క్షణం వస్తుంది. అప్పుడు ఐలరాన్‌ని (ప్లేన్‌ని పక్కకి వాల్చే కంట్రోల్) కొద్దిగా కుడికి ఇచ్చి చూడండి. ప్లేన్ మీకు కుడివైపు జరిగితే అది మీ నుంచి దూరం పోతోంది, ఎడమవైపు జరిగితే మీ వైపే వస్తోంది. ఎదురుగా వస్తున్నప్పుడు ఏ రెక్క కిందికి వాలి ఉందో స్టిక్‌ని ఆ రెక్క వైపే తోస్తే సరి అవుతుంది. వీటిని ఎండ రోజుల్లోనే, దగ్గర్లోనే సాధన చేసి పెట్టుకోండి. మబ్బు రోజు మామూలు కంటే దగ్గరగా, తక్కువ ఎత్తులో ఎగరేయడం నా అలవాటు.

మబ్బులోకి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పంపొద్దు. మబ్బు అడుగు ఒక గీతలా ఉండదు, ప్లేన్ కొద్దికొద్దిగా మసకబారుతూ పోతుంది. ఆ మసక మొదలైందని అనిపించగానే కిందికి దించండి. ఒకవేళ పూర్తిగా కనపడకుండా పోతే థ్రాటిల్ (మోటార్ వేగం) మొత్తం తగ్గించండి. మీ ట్రైనర్ లాంటివి రెక్కలు పైకి వంగి ఉండి తమంతట తామే సర్దుకుంటాయి కాబట్టి స్టిక్‌లు వదిలేస్తే సాధారణంగా మెల్లగా దిగుతాయి. అలా సర్దుకోని ప్లేన్ అయితే ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పేది) పూర్తిగా పైకి, రడ్డర్ (ముక్కును పక్కలకి తిప్పేది) పూర్తిగా ఒక పక్కకి పట్టుకుంటే గిరగిరా తిరుగుతూ దిగుతుంది, వేగం మితిమీరదు. కింద ఉన్నవాళ్లకి గట్టిగా కేక వేసి చెప్పడం మర్చిపోవద్దు. మనుషులున్న విమానాలు కూడా తక్కువ ఎత్తులో వెళ్తుంటాయి, మబ్బులో ఒకరికొకరు కనపడరు. ప్లేన్ పోతే పోయింది గానీ ఈ విషయంలో రాజీ పడకూడదు.

వాన వల్ల సిగ్నల్ పోతుందేమో అని కూడా అనుమానం రావచ్చు. 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. వాన చుక్కలు తరంగాలను గట్టిగా అడ్డుకోవడం దాదాపు 10 గిగాహెర్ట్జ్ దాటాకే చెప్పుకోదగ్గ సమస్య అవుతుంది. కంటికి కనిపించేంత దూరంలో ఎగరేసేవాళ్లకి చినుకుల వల్ల రేంజ్ తగ్గదు. తడిసిన చెట్ల గుంపు మధ్యలో అడ్డొస్తే, ప్లేన్‌లో సిగ్నల్ అందుకునే రిసీవర్ యాంటెన్నా మీద నీళ్లు పేరుకుంటే కొంత తేడా రావచ్చు. ఎగరేసే ముందు రేంజ్ చెక్ చేసి, ఫెయిల్‌సేఫ్‌లో (సిగ్నల్ పోతే ప్లేన్ ఏం చేయాలో ముందే చెప్పే సెట్టింగ్) మోటార్ ఆగిపోయేలా పెట్టుకోండి. ఇది ఎండలోనైనా చేయాల్సిందే.

ట్రాన్స్‌మిటర్ దగ్గరే అసలు ప్రమాదం. ప్లేన్‌లో ఒక సర్వో (కంట్రోల్‌ని కదిపే చిన్న మోటార్) తడిసి ఆగిపోతే ఒక్క కంట్రోల్ పోతుంది, మిగతావాటితో ఎలాగో దించొచ్చు. ట్రాన్స్‌మిటర్ తడిస్తే అన్నీ ఒకేసారి పోతాయి. పైగా అది వాన కింద ఆకాశం వైపు తెరుచుకుని ఉండే పెట్టె: స్టిక్‌ల చుట్టూ ఖాళీ, స్విచ్‌ల సందులు, స్పీకర్ రంధ్రాలు, అన్నీ పైవైపే. నాతో పాటు ఎగరేసే ఒకాయన జల్లులో తడిసిన ట్రాన్స్‌మిటర్‌ని బట్టతో తుడిచి సంచిలో పెట్టేశారు. ఆ రోజు అది బాగానే పనిచేసింది. మర్నాడు ఇంట్లో ఆన్ చేస్తే థ్రాటిల్ స్టిక్ ముట్టుకోకుండానే తెర మీద దాని విలువ అటూ ఇటూ ఎగిరిపడుతోంది. స్టిక్ కింద దాని కదలికను కొలిచే పొటెన్షియోమీటర్‌లోకి చెమ్మ దిగింది. గాల్లో ఉండగా ఇలా జరిగి ఉంటే చేయగలిగింది ఏమీ లేదు. అయస్కాంతంతో కదలికను కొలిచే హాల్ సెన్సర్ స్టిక్‌లకి ఒకదానికొకటి రాసుకునే భాగాలు లేవు కాబట్టి ఈ రకం తంటా తక్కువ, కానీ స్విచ్‌లు, సర్క్యూట్ బోర్డు ఎలాగూ ఉంటాయి. చేతులు లోపల పెట్టుకునేలా పారదర్శకంగా ఉండే ట్రాన్స్‌మిటర్ కవర్లు దొరుకుతాయి. అది లేకపోతే పక్కన ఒకరు గొడుగు పట్టుకున్నా చాలు. ఇవేవీ లేకుండా చినుకుల్లో నిలబడొద్దు.

ప్లేన్ సంగతికొస్తే, బ్రష్‌లెస్ మోటార్ తీగలకి పూత ఉంటుంది, నీళ్లు తగిలినా తిరుగుతూనే ఉంటుంది. తర్వాత బేరింగులు తుప్పు పట్టకుండా ఒక చుక్క నూనె వేస్తే సరిపోతుంది. ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని నియంత్రించే బోర్డు), రిసీవర్, సర్వోలు సున్నితమైనవి. వైర్లన్నీ ఈఎస్‌సీ కంటే కిందికి ఒక వంపు తిరిగి మళ్లీ పైకి వచ్చేలా అమర్చండి, అప్పుడు వైరు వెంట జారే నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. ముక్కు దగ్గర గాలి కోసం వదిలిన రంధ్రాలను పూర్తిగా మూయొద్దు, ఈఎస్‌సీ వేడెక్కిపోతుంది. దానికి బదులు తోక వైపు అడుగున చిన్న రంధ్రం చేస్తే లోపలికి వచ్చిన నీళ్లు బయటికి పోతాయి. బోర్డులకి సిలికాన్ కన్ఫార్మల్ కోటింగ్ (తేమ తగలకుండా కాపాడే పల్చటి పూత) వేసేవాళ్లున్నారు, మంచిదే. కానీ కనెక్టర్ పిన్నులకి, బటన్లకి, ఎత్తు కొలిచే సెన్సర్ రంధ్రానికి అది అంటకూడదు. ఫోమ్ నీళ్లు పీల్చదు. బాల్సా (తేలికపాటి చెక్క) పీలుస్తుంది, దాని మీద అంటించిన ఫిల్మ్ ఎక్కడైనా చిరిగి ఉంటే అక్కడి నుంచి తేమ దిగి రెక్క మెలిదిరుగుతుంది. బాల్సా ప్లేన్‌తో నేనైతే తుంపరలో కూడా ఎగరేయను.

రెక్క మీద నిలిచిన చుక్కలు కూడా లెక్కలోకి వస్తాయి. బర్ట్ రుటాన్ డిజైన్ చేసిన, 1979లో మొదటిసారి ఎగిరిన లాంగ్-ఈజీ అనే మనిషి నడిపే విమానానికి ముందువైపు ఒక చిన్న రెక్క ఉంటుంది. మొదట్లో వాడిన ఆకృతితో, వాన చుక్కలు పడగానే ఆ చిన్న రెక్క లిఫ్ట్ (పైకి ఎత్తే బలం) తగ్గి ముక్కు కిందికి వాలేది. తర్వాత జాన్ రాంజ్ అనే ఏరోడైనమిక్స్ నిపుణుడు వేరే ఆకృతి రూపొందించాక ఆ ఇబ్బంది తగ్గింది. మీ ట్రైనర్ మందపాటి రెక్కకి ఇంత తేడా రాదు. అయినా తడిసిన రెక్కతో దింపేటప్పుడు మామూలు కంటే కాస్త వేగం ఎక్కువ ఉంచండి, మరీ నెమ్మదిగా తెస్తే ముందే స్టాల్ అవుతుంది, అంటే రెక్క లిఫ్ట్ కోల్పోతుంది. తడి గాలి బరువైనదని చాలామంది అనుకుంటారు. నీటి ఆవిరి అణుభారం 18, పొడి గాలి సగటు 29 దాకా ఉంటుంది, అంటే తడి గాలే కొంచెం తేలిక. ఆ తేడా ఎగిరేటప్పుడు మీకు తెలియదు.

చినుకుల కంటే ముందు వచ్చే గాలిని చూసి భయపడాలి. ఉరుముల మబ్బు నుంచి చల్లటి గాలి కిందికి దూకి నేల వెంట బాగా ముందుకు పరుచుకుంటుంది. మీ నెత్తి మీద ఇంకా వాన లేకపోవచ్చు. గాలి బిగిసి ఉక్కపోతగా ఉండి, ఉన్నట్టుండి నల్లమబ్బు వైపు నుంచి చల్లగాలి ముఖానికి తగిలిందంటే మీ దగ్గర ఎక్కువ సమయం లేదు. గాలి దిశ మారిపోతుంది, వేగం రెట్టింపు అవుతుంది, తేలికపాటి ఫోమ్ ప్లేన్ ముందుకి రాలేక వెనక్కి కొట్టుకుపోతుంది. ఇంకొక్క రౌండ్ అనుకోకుండా వెంటనే గాలికి ఎదురు తిప్పి దించేయండి. మెరుపుకీ ఉరుముకీ మధ్య ప్రతి 3 సెకన్లకీ సుమారు 1 కిలోమీటరు దూరం. ఆ వ్యవధి 30 సెకన్లో అంతకంటే తక్కువో ఉంటే పిడుగు మీ దాకా రావచ్చు. ప్లేన్ ఎక్కడ ఉంటే అక్కడ దించి, కారులోకో పక్కా భవనంలోకో వెళ్లి, చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగండి. ఖాళీ మైదానంలో మీరే ఎత్తైన వస్తువు. చెట్టు కిందికి అసలు వెళ్లొద్దు.

తడిసి ఇంటికొచ్చాక మొదట లైపో బ్యాటరీ తీసేయండి, పూర్తిగా ఆరకుండా చార్జింగ్ పెట్టొద్దు. మూతలన్నీ తెరిచి, కనెక్టర్లు ఊడదీసి ఫ్యాన్ గాలికి రాత్రంతా ఉంచండి. హీట్ గన్ వాడితే ఫోమ్ వంకరపోతుంది. బియ్యంలో పాతిపెట్టమని కొందరు చెప్తారు, దాని దుమ్ము సర్వోల్లోకి పోవడం తప్ప లాభం కనపడలేదు. బురదనీళ్లో ఉప్పునీళ్లో తగిలిన బోర్డుని మాత్రం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టాలి, ఆ మరకలు మిగిలితే లోహాన్ని తినేస్తాయి. మర్నాడు ప్రొపెల్లర్ ఊడదీసి, ఒక్కో కంట్రోల్‌ని ఆ చివర నుంచి ఈ చివర దాకా మెల్లగా కదిపి చూడండి. ఎక్కడైనా సర్వో వణికినా, ఒకచోట ఆగి గెంతినా దాన్ని నమ్మొద్దు, మార్చేయండి. ఆ వారం ఎగరేయడం కుదరకపోయినా పర్వాలేదు.